లండన్ కెన్సింగ్టన్ గార్డెన్స్‌లో ఎల్ఫిన్ ఓక్‌ని వెతికి చూడటం ఎలా?

కెన్సింగ్టన్ గార్డెన్స్‌కి వెళ్లినవాళ్లలో చాలామంది ప్యాలెస్ చూసి, రౌండ్ పాండ్ దగ్గర హంసలతో ఫొటోలు దిగి, తిరిగొచ్చేస్తారు. అదే పార్కులో ఓ మూల ఎండిపోయిన ఓక్ మొద్దు ఒకటి ఉంది. దాని తొర్రల్లో, పగుళ్లలో, వేళ్ల సందుల్లో చిట్టి చిట్టి మనుషులు కాపురం ఉంటారు. చెక్కి రంగులు వేసిన బొమ్మలే అవి. ఆ మొద్దు పేరు ఎల్ఫిన్ ఓక్. పిల్లలతో లండన్ వెళ్తున్నవాళ్లు, అమ్మాయి దగ్గరో అబ్బాయి దగ్గరో కొన్నాళ్లు ఉండటానికి వెళ్లిన పెద్దవాళ్లు, ఒక పూట దీనికోసం ఉంచుకోండి. టికెట్ లేదు, బుకింగ్ లేదు.

ముందు దారి. ట్యూబ్‌లో, అంటే లండన్ భూగర్భ రైల్లో, సెంట్రల్ లైన్ ఎక్కి క్వీన్స్‌వే స్టేషన్‌లో దిగండి. బయటికి రాగానే ఎదురుగా బేస్‌వాటర్ రోడ్డు, దాటితే పార్కు గోడ, అక్కడే బ్లాక్ లయన్ గేటు. సర్కిల్ లేదా డిస్ట్రిక్ట్ లైన్‌లో వచ్చేవాళ్లు బేస్‌వాటర్ స్టేషన్‌లో దిగి నాలుగడుగులు వేస్తే చాలు. గేటు లోపలికి వచ్చాక కుడివైపు పిల్లల ఆటస్థలం కనిపిస్తుంది. యువరాణి డయానా జ్ఞాపకంగా 2000లో తెరిచారు. పిల్లలు వెంట లేని పెద్దవాళ్లని మామూలు వేళల్లో లోపలికి రానివ్వరు. మనకి ఆ ఇబ్బంది లేదు, ఎందుకంటే చెట్టు ఆటస్థలం బయటే, కెఫే పక్కన ఉంది. చాలామంది అక్కడ కాఫీ తాగుతూ కూడా దాన్ని చూడరు. చుట్టూ ఇనుప జాలీ ఉంటుంది కాబట్టి దూరం నుంచి పక్షుల పంజరమేమో అనుకుంటాం. ఆ పంజరం దగ్గరికే వెళ్లండి.

ఏ వేళకి వెళ్లాలి? పార్కు పొద్దున ఆరింటికే తెరుస్తారు, చీకటి పడే వేళకి మూసేస్తారు. డిసెంబరులో సాయంత్రం నాలుగింటికే పొద్దుగుంకిపోతుంది, అది గుర్తుంచుకోండి. పిల్లల రద్దీ మొదలవకముందే వెళ్తే మంచిది. ఎండ బాగా కాస్తే జాలీ నీడ గీతలు గీతలుగా బొమ్మల మీద పడుతుంది. మబ్బు పట్టిన రోజు చూడటానికీ, ఫొటోలకీ హాయిగా ఉంటుంది. లండన్‌లో మబ్బుకేం కొదవ!

ఇప్పుడు అసలు సంగతి, ఎలా చూడాలన్నది. ఒకచోట నిలబడి చూస్తే ఏమీ కనిపించదు. గుళ్లో ప్రదక్షిణ చేసినట్టు చుట్టూ తిరగాలి, అదీ మూడుసార్లు.

మొదటి చుట్టు కింద భాగం కోసం. మోకాళ్ల మీద కూర్చోండి. మా అక్క కూతురికి అప్పుడు అయిదేళ్లు. మేమంతా నిలబడి పైకి చూస్తుంటే అది నేల మీద చతికిలబడి, జాలీకి ముక్కు ఆనించి, "పిన్నీ, ఇంట్లో ఎవరో ఉన్నారు!" అని గుసగుసగా పిలిచింది. వంగి చూస్తే వేళ్ల దగ్గర చిన్న తొర్రలోంచి ఒక ముఖం బయటికి తొంగిచూస్తోంది. రంగు కాస్త పాతబడింది కానీ కళ్లు మాత్రం మనవైపే. మేం పది నిమిషాలుగా అక్కడే ఉన్నా ఎవరికీ కనిపించలేదు. అందుకే చెప్తున్నా, పిల్లలకి మీరు చూపించకండి, వాళ్లనే వెతకనివ్వండి.

రెండో చుట్టు నడుము ఎత్తులో. ఈసారి పేర్లతో వెతకండి. వూకీ అనే మంత్రగత్తె ఉంది, ఆమె దగ్గర మూడు జాడీలు ఉంటాయి. ఒకదాంట్లో ఆరోగ్యం, ఒకదాంట్లో సంపద, ఒకదాంట్లో సంతోషం. జాడీ అంటే ఆవకాయే గుర్తొచ్చే మన ఇళ్లలో ఈ బొమ్మ పిల్లలకి ఇట్టే నచ్చేస్తుంది. బెర్రీపళ్ల సంచి మోసుకుంటూ విందుకి మెట్లెక్కి వెళ్లేవాడు హకిల్‌బెర్రీ. మూడో చుట్టులో తలెత్తి పైన చూడండి. అక్కడ కాకి గూట్లోంచి గుడ్లు దొంగిలించే అల్లరి మూక ఉంది. చిన్నపిల్లల్ని భుజాల మీద ఎక్కించుకోండి.

తిరుగుతూ తిరుగుతూ ఈ కథ కూడా చెప్పండి. ఆ మొద్దు దాదాపు 900 ఏళ్ల నాటి ఓక్ చెట్టుదని చెప్తారు. అది రిచ్‌మండ్ పార్కు నుంచి 1928లో ఇక్కడికి వచ్చింది. ఐవర్ ఇన్నెస్ అనే చిత్రకారుడు రెండేళ్లపాటు దాని మీద ఈ చిట్టి మనుషుల్ని చెక్కి, రంగులు వేశాడు. తనకి నచ్చిన ఆకారాన్ని చెట్టు మీద రుద్దకుండా, ఉన్న తొర్రనే గుమ్మం చేశాడు, ఉన్న బొడిపెనే మెట్టు చేశాడు. నాకు అన్నిటికంటే నచ్చింది అదే. చెక్క కదా, వానకీ చలికీ పాడైపోయింది. 1960లలో హాస్యనటుడు స్పైక్ మిలిగన్ పూనుకుని మళ్లీ బాగుచేయించాడు, 1996లో ఇంకోసారి. ఆయన పుట్టింది మన దేశంలోనే, మహారాష్ట్రలోని అహ్మద్‌నగర్‌లో (ఇప్పుడు అహిల్యానగర్). 1997లో ఈ చెట్టుని రక్షిత కట్టడాల జాబితాలో చేర్చారు. చుట్టూ ఉన్న జాలీ దాని కాపలాకే. అడ్డంగా ఉందని చిరాకు పడొద్దు, అది లేకపోతే ఈపాటికి సగం ముక్కులు ఉండేవి కావు.

ఫొటోకి చిన్న చిట్కా. ఫోన్ కెమెరాని జాలీ కంతకి పూర్తిగా ఆనించి తీస్తే ఇనుప తీగలు ఫొటోలో పడవు. ఫ్లాష్ వద్దు. చెట్టు మొత్తం ఒకే ఫొటోలో పట్టాలని చూడకండి, ఒక్కో బొమ్మనీ విడిగా తీయండి.

ఓపిక ఉంటే ఇంకొంచెం నడవండి. పార్కు ఉత్తరపు అంచు వెంట తూర్పుకి వెళ్తే ఇటాలియన్ గార్డెన్స్ వస్తాయి. అక్కడి నుంచి నీళ్ల ఒడ్డున కాసేపు దక్షిణంగా నడిస్తే, ఎప్పటికీ పెద్దవాడు కాని కథల కుర్రాడు పీటర్ పాన్ కంచు విగ్రహం. ఆ కథలు రాసిన జె. ఎం. బారీ, 1912 మే 1 తెల్లారేసరికి పిల్లలకి ఆశ్చర్యంగా ఉండాలని, రాత్రికి రాత్రే దాన్ని పెట్టించాడు. దారిలో కీచుకీచుమని పచ్చటి చిలకలు కనిపిస్తాయి. అవి మన జామచెట్ల మీద వాలే రామచిలకల జాతే, లండన్‌లో స్థిరపడిపోయాయి. వాటికి తిండి పెట్టొద్దని పార్కువాళ్లు కోరుతారు, పెట్టకండి.

పీటర్ పాన్ చుట్టూ జాలీ లేదు. ఇందాకటి నుంచి తాకాలని తహతహలాడుతున్న పిల్లల్ని ఇక్కడ వదిలేయండి, పీఠం మీద కుందేళ్ల చెవులు తడుముకుంటారు. తిరుగు ప్రయాణానికి లాంకాస్టర్ గేట్ స్టేషన్ దగ్గర.