మాకింగ్‌బర్డ్ ఫొటో కుదరడం లేదా? ముందు పాట వినండి

డాలస్ చుట్టుపక్కల ఉండే మనవాళ్లకు ఈ పిట్ట కొత్తేం కాదు. ఇంటి కప్పు మీదో, వీధి దీపం మీదో రోజూ కనిపించే బూడిదరంగు పిట్ట. 1927 నుంచి టెక్సస్ రాష్ట్ర పక్షి. ఎప్పుడూ కళ్ల ముందే ఉంటుంది కదా, ఫొటో తేలికే అనుకుంటాం. నాకు మొదటి వసంతమంతా ఒక్క మంచి ఫొటో దొరకలేదు. అప్పుడు ఎదురైన ఇబ్బందులు, తర్వాత తెలిసిన కారణాలు చెబుతాను.

పిట్ట నల్లటి నీడలా వస్తోంది

మగపిట్ట పాడటానికి ఆ చుట్టుపక్కల బాగా ఎత్తైన చోటు వెతుక్కుంటుంది. దాని వెనక ఉండేది ఆకాశమే. కెమెరా ఆ వెలుగును లెక్కలోకి తీసుకుని పిట్టను చీకటి చేసేస్తుంది. ఫొటో వెలుగును పెంచే, తగ్గించే సెట్టింగ్ ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను +1 నుంచి +1.7 దాకా పెంచండి. పొద్దున్నే, ఎండ మీ వీపు మీద పడేలా నిలబడండి. ఇది చాలు.

పాడుతుండగా తీసినా ముక్కు మూసుకునే ఉంటోంది

నన్ను బాగా విసిగించింది ఇదే. కారణం నా చెవిలో ఉంది, కెమెరాలో కాదు. ఈ పాట గజిబిజిగా వినిపిస్తుంది కానీ దానికో పద్ధతి ఉంది. ఒక పలుకు అందుకుని, మూడు నుంచి ఆరు సార్లు అదే తిప్పి పాడి, చిన్న విరామం ఇచ్చి ఇంకోటి అందుకుంటుంది. మనం పాట విని బటన్ నొక్కేసరికి ఆ విరామం వచ్చేస్తుంది.

అందుకే కెమెరా కిందపెట్టి పది నిమిషాలు ఊరికే వినండి. కొత్త పలుకు ఒకసారి, రెండోసారి విన్నాక, మూడోసారికి నొక్కండి. నాకు అప్పటి నుంచి తెరిచిన ముక్కు, ఉబ్బిన గొంతు దొరుకుతున్నాయి. ఇలా లెక్కపెట్టడం వల్ల ఇంకో లాభం కూడా ఉంది. ఇలాగే పాడే పిట్టల్లో బ్రౌన్ థ్రాషర్ దాదాపు ప్రతి పలుకునూ రెండేసి సార్లు అంటుంది, గ్రే క్యాట్‌బర్డ్ ఒక్కసారి అని వదిలేస్తుంది. చెట్టు చాటున ఉన్నా ఎవరు పాడుతున్నారో చెప్పేయవచ్చు.

యాప్ ఒకే పిట్టకు నాలుగు పేర్లు చూపిస్తోంది

పాట విని పిట్ట పేరు చెప్పే యాప్‌ను తప్పుపట్టలేం. కార్డినల్, బ్లూ జే లాంటి పిట్టలు, కప్ప, కారు అలారం దాకా ఏది విన్నా ఈ పిట్ట తన పాటలో కలుపుకుంటుంది. ఒక్కో మగపిట్ట జీవితంలో 200 దాకా పలుకులు నేర్చుకోగలదు. ఆ పేర్లన్నీ ఒకే కొమ్మ మీద నుంచి వరుసగా వస్తుంటే అది మాకింగ్‌బర్డే. నేనైతే ఆ పేర్లు రాసిపెట్టుకుంటాను. ఈ పిట్ట ఎవరెవరి పాటలు విందో వాటిని బట్టి ఊహించవచ్చు.

రెక్కల్లో తెలుపు ఫొటోలో పడటం లేదు

మన పాలపిట్ట గుర్తుందా? కూర్చుంటే గోధుమరంగు, ఎగిరితే రెక్కల్లో నీలం. ఇదీ అంతే. తెల్ల మచ్చలు రెక్క విప్పితేనే బాగా తెలుస్తాయి. వాటి కోసం వెంటపడి పరిగెత్తక్కర్లేదు. వసంతంలో పాట ఊపందుకున్నప్పుడు మగపిట్ట ఉన్నచోటు నుంచి కాస్త పైకెగిరి, రెక్కలు చాపి, మళ్లీ అక్కడే వాలుతుంది. ఒకసారి ఎగిరిందంటే కాసేపట్లో మళ్లీ ఎగురుతుంది. కూర్చున్న చోట ఫోకస్ పెట్టుకుని, పైన ఖాళీ వదిలి, షటర్ స్పీడ్ 1/2000 సెకను కంటే వేగంగా, కెమెరా బర్స్ట్ మోడ్‌లో (వరసగా ఫొటోలు తీసేలా) ఉంచండి. తెలుపు పాలిపోతుంటే ఎక్స్‌పోజర్ కొంచెం తగ్గించండి.

తల మీదకి దూసుకొస్తోంది

దగ్గర్లో గూడు ఉంది. వెంటనే వెనక్కి వచ్చేయండి. గుడ్లు పొదగడానికి 12, 13 రోజులు, పిల్లలు గూడు విడవడానికి ఇంకో 12 రోజులు పడుతుంది. అంతవరకు అటు వెళ్లకండి. గూటి దగ్గరికి పదేపదే వచ్చిన మనిషిని ఇవి గుర్తుపడతాయని ఫ్లోరిడా యూనివర్సిటీ పరిశోధకులు 2009లో చూపించారు. రికార్డు చేసిన పాట వినిపించి పిట్టను రప్పించే పని కూడా వద్దు. ఇంకో మగపిట్ట వచ్చిందని దానికి ఒకటే టెన్షన్.

అర్ధరాత్రి పాటకు నిద్ర పట్టడం లేదు

రాత్రిళ్లు పాడేవి ఎక్కువగా జత దొరకని మగపిట్టలు. వెన్నెల్లో మరీ పాడతాయి. పెరట్లో లైటు ఆర్పి చూడండి. నేను కిటికీ తెరిచి ఫోన్‌లో రికార్డు చేసుకుంటాను. ఆ వేళ కార్ల రొద ఉండదు, ప్రతి పలుకూ విడివిడిగా వినిపిస్తుంది.

వేసవి చివర్లో పాట ఆగిపోయింది

భయపడకండి. అది ఈకలు మార్చుకునే కాలం. సెప్టెంబరులో మళ్లీ మొదలవుతుంది. అప్పటి పాట చలికాలానికి పండ్లున్న చోటును కాపాడుకోవడానికి. యాపాన్ హోలీ పొదలు పండ్లతో ఎర్రబడుతుంటే వాటి దగ్గర కాచుకోండి. ఆ ఎరుపు ముందు బూడిదరంగు ఎంత బాగుంటుందో చూడాలి. అక్కడ మనవాళ్లు దసరాకి పాలపిట్ట కోసం వెతుకుతుంటే, ఆ రోజుల్లో నేను ఇక్కడ ఆ పొద దగ్గర ఉంటాను.