పేగు జబ్బు ఉన్నవాళ్లకు కీళ్లు నొప్పి పెడితే ఏం చేయాలి?

పేగులో ఏళ్ల తరబడి వాపు తెచ్చే క్రోన్స్ వ్యాధి గానీ అల్సరేటివ్ కొలైటిస్ గానీ ఉన్నవాళ్లకు ఓ రోజు పొద్దున లేచేసరికి మోకాలు వాచి ఉంటే, ముందు వచ్చే అనుమానం ఎక్కడో బెణికిందనే. పేగుకీ మోకాలికీ లింకు ఉంటుందని సాధారణంగా తట్టదు. నిజానికి ఈ జబ్బులు పేగు దాటి వచ్చాయంటే ఎక్కువగా పట్టుకునేది కీళ్లనే. కొందరికి కీళ్ల నొప్పులు ముందు వచ్చి, పేగు జబ్బు తర్వాత బయటపడుతుంది కూడా.

1. ముందు నొప్పి మాత్ర జోలికి పోకండి

అన్నిటికన్నా ఎక్కువ పొరపాటు జరిగేది ఇక్కడే. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, నాప్రోక్సెన్ లాంటివి కీలుకు హాయిగానే ఉంటాయి, కానీ కొందరిలో అణిగి ఉన్న పేగు జబ్బును మళ్లీ లేపుతాయి. డాక్టరును కలిసేలోపు తట్టుకోలేకపోతే, కాలేయ సమస్య లేనివాళ్లు పారాసిటమాల్‌ను ప్యాకెట్ మీద రాసిన మోతాదు మించకుండా వాడుకోవచ్చు. వాపు మీద ఐస్ ప్యాక్‌ను గుడ్డలో చుట్టి పెట్టుకోండి.

2. రెండు వారాలు రాసి పెట్టండి

ఏ కీలు, ఎన్ని కీళ్లు, వాపు ఉందా, పొద్దున బిగుతు ఎంతసేపు ఉంది, ఆ రోజు విరేచనాలు ఎన్నిసార్లు, రక్తం పడిందా. ఇంత చాలు. వాపు ఉన్న రోజే ఫోన్‌తో ఫొటో తీసుకోండి. అపాయింట్‌మెంట్ రోజుకి వాపు తగ్గిపోవడం మామూలే!

ఈ లెక్క ఎందుకంటే, నొప్పి తీరును బట్టి దారి మారుతుంది. మోకాలు, చీలమండ లాంటి పెద్ద కీళ్లు ఒకటో రెండో, అయిదులోపు వాచి, పేగు జబ్బు ఎక్కువైనప్పుడే అవీ ఎక్కువైతే, చాలామందికి పేగు కుదుటపడితే అవీ కుదుటపడతాయి. అయిదు లేక అంతకన్నా ఎక్కువ కీళ్లు, ముఖ్యంగా చేతివేళ్లలోవి, పట్టుకుంటే మాత్రం పేగుతో పనిలేకుండా నెలలు, ఏళ్ల తరబడి సాగవచ్చు.

నడుము సంగతి వేరే. మూడు నెలలు దాటిన నొప్పి, తెల్లవారుజామున నిద్ర లేపేసేది, పొద్దున అరగంటకు పైగా పట్టేసేది, పడుకుంటే తగ్గక నడిస్తే తగ్గేది అయితే అది బరువెత్తినందుకు వచ్చిన నొప్పి కాకపోవచ్చు. వెన్ను అడుగున, వెన్నెముక తుంటి ఎముకలతో కలిసే కీళ్లలో వాపు వచ్చి ఉండవచ్చు. పేగు బాగున్నా ఇది ఆగకపోవచ్చు. మడమ వెనక నొప్పి, వేలు మొత్తం ఉబ్బడం కూడా రాసుకోండి.

3. ఇద్దరు డాక్టర్లనూ కలపండి

గ్యాస్ట్రో డాక్టరుకు కీళ్ల సంగతి, రుమటాలజిస్టుకు (కీళ్లవాతం డాక్టరుకు) పేగు సంగతి మీరే చెప్పాలి. కీళ్లవాతానికి చేసే రుమటాయిడ్ ఫ్యాక్టర్ రక్తపరీక్ష సాధారణంగా నెగెటివ్‌గానే వస్తుంది, అంతమాత్రాన కీళ్లలో ఏమీ లేదని కాదు. ఒంట్లో వాపును చూపే సీఆర్‌పీ రక్తపరీక్షలో అంకె పెరిగినా అది పేగు వల్లో కీలు వల్లో ఆ అంకె చెప్పదు. నడుముకైతే ఎక్స్‌రే బాగుందన్నా ఎమ్మారై అవసరమా అని అడగండి. తొలిదశ వాపు ఎక్స్‌రేలో కనిపించదు.

4. మందుల గురించి రెండు ముక్కలు

వాపును అణిచే ఇంజెక్షన్ మందుల్లో ఇన్‌ఫ్లిక్సిమాబ్, అడాలిముమాబ్ పేగుకీ కీళ్లకీ రెండింటికీ పనిచేస్తాయి. ఎటానర్సెప్ట్ కీళ్లకే గానీ పేగుకు కాదు. సెకుకినుమాబ్ క్రోన్స్‌ను పెంచవచ్చు. అందుకే పైన ఇద్దరినీ కలపమన్నది. రోగనిరోధక శక్తిని తగ్గించే మెథోట్రెక్సేట్ రాస్తే వారానికి ఒక్కసారే. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది, అందుకే వేసుకునే రోజును క్యాలెండరు మీద గుర్తు పెట్టుకోండి. గర్భం దాల్చాలనుకునేవాళ్లు ఆ మాట డాక్టరుకు ముందే చెప్పాలి.

స్టెరాయిడ్ తగ్గిస్తున్నప్పుడు కొందరికి ఒళ్లంతా కీళ్లు లాగడం ఉంటుంది. భయపడి మీ అంతట మీరు డోసు పెంచకండి, ఫోన్ చేసి అడగండి.

5. కదులుతూ ఉండండి

నడుము పట్టేసేవాళ్లకు విశ్రాంతి కన్నా నడక, ఈత, సాగదీసే వ్యాయామాలు మేలు. బాగా వాచిన కీలుకు మాత్రం ఆ రెండు రోజులు బరువు పెట్టకండి.

6. ఆ రోజే వెళ్లాల్సినవి

ఒకే కీలు ఎర్రగా, వేడిగా మారి జ్వరం వస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. రోగనిరోధక శక్తిని తగ్గించే మందుల మీద ఉన్నవాళ్లకు అది కీలులో ఇన్‌ఫెక్షన్ కావచ్చు. కన్ను ఎర్రబడి, నొప్పిగా ఉండి, వెలుతురు చూడలేకపోతే కళ్లకలక అనుకుని చుక్కలు వేసుకుంటూ కూర్చోవద్దు. కీళ్లను పట్టుకున్న ఈ జబ్బే కంటి లోపల వాపునూ తెస్తుంది, ఆలస్యమైతే చూపు దెబ్బతింటుంది.