గుంపుగా ఘాట్ రోడ్డెక్కినప్పుడు వచ్చే ఇబ్బందులు: లక్షణం, కారణం, పరిష్కారం

విశాఖపట్నం నుంచి పెందుర్తి, కొత్తవలస, శృంగవరపుకోట (ఎస్.కోట) మీదుగా అరకు చేరే దారి దాదాపు 115 కిలోమీటర్లు ఉంటుంది. మొదటి సగం ఊళ్ళ మధ్య సాగే మైదానపు రోడ్డు, ఎస్.కోట దాటాక కొంత దూరానికి మొదలయ్యేది ఘాట్. రెండు రకాల రోడ్లూ ఒకే పూటలో ఎదురవుతాయి కాబట్టి, పది మోటారు బళ్ళు (బైకులు) కలిసి వెళ్ళినప్పుడు రాగల ఇబ్బందులన్నీ ఈ ఒక్క దారిలోనే బయటపడతాయి. ఇక్కడ గుంపులను నడిపించిన అనుభవంలో నాకు బాగా అర్థమైన సంగతి ఏమిటంటే, ఇబ్బంది కనిపించేది ఒకచోట, దాని మూలం ఉండేది మరొకచోట. వెనకబడిన బండికి కారణం ముందు నడిచే బండిలో ఉంటుంది. దిగువన పట్టని బ్రేకుకు కారణం పైన ఎంచుకున్న గేరులో ఉంటుంది. కనిపించిన చోటే వెతికితే అదే ఇబ్బంది మరో పది కిలోమీటర్లకు మళ్ళీ ఎదురవుతుంది.

ఆఖరి బళ్ళు పదేపదే వెనకబడుతున్నాయి

పెందుర్తి దాటి కాస్త దూరం వెళ్ళేసరికి చివరి రెండు మూడు బళ్ళు అద్దంలో కనిపించకుండా పోతాయి. ఆగి చూస్తే ఐదు నిమిషాలకు వాళ్ళు చేరుకుని, "అంత స్పీడుగా ఎందుకు పోతున్నావన్నా?" అని అడుగుతారు. ముందు నడిచినవాడేమో తాను అరవై దాటలేదని చెబుతాడు. ఇద్దరు చెప్పేదీ నిజమే.

బండికి బండికి మధ్య రెండు సెకన్ల ఎడం ఉందనుకుందాం. పది బళ్ళలో ఆఖరిది మొదటిదానికి 18 సెకన్లు వెనక ఉంటుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఆ వరుస పొడవు 300 మీటర్లు. ఊరి మొదట్లో స్పీడ్ బ్రేకర్ వచ్చి అందరూ 20కి తగ్గితే అదే వరుస 100 మీటర్లకు ముడుచుకుంటుంది. మొదటివాడు దాన్ని దాటిన వెంటనే మళ్ళీ 60 అందుకుంటే, చివరివాడు ఇంకా 20లో ఉండగానే ముందువాళ్ళు దూరమైపోతుంటారు. ఒక్కొక్కరూ గేరు మార్చడానికి తీసుకునే అర సెకను, ఒక సెకను కూడా వెనక్కి పోయేకొద్దీ కలుస్తూ వస్తుంది. ఒక్క ఊళ్ళోనే ఇలాంటి బ్రేకర్లు మూడు నాలుగు ఉంటే ఆఖరివాడికి ఆ ఊరంతా పరుగే అవుతుంది.

ఆ పరుగులో ఉన్న ప్రమాదాన్ని లెక్కవేసి చూడండి. మొదటివాడు 60లో వెళుతున్నప్పుడు ఒక కిలోమీటరు వెనకబడినవాడు 80లో వచ్చి కలుసుకోవడానికి మూడు నిమిషాలు పడుతుంది. అంటే గొర్రెల మందలు, స్కూలు ఆటోలు, పక్కదారుల నుంచి వచ్చే ట్రాక్టర్లు ఉన్న రోడ్డు మీద నాలుగు కిలోమీటర్ల పాటు అతడు 80 తగ్గకుండా నడపాలి. చాలా గుంపుల్లో కొత్తవాళ్ళను చివర ఉంచుతారు కాబట్టి ఆ నాలుగు కిలోమీటర్లు నడిపేది అందరికంటే అనుభవం తక్కువగా ఉన్నవాడే. ఇది నన్ను ఎప్పుడూ కలవరపెట్టే విషయం.

పరిష్కారం ముందునుంచి మొదలుకావాలి. స్పీడ్ బ్రేకర్ దాటిన తరువాత, ఊరు దాటిన తరువాత, లారీని దాటిన తరువాత మొదటివాడు ఒక నిమిషం పాటు నలభైలోనే నడవాలి. లారీని దాటినప్పుడు మాత్రం వెనకవాళ్ళు లోపలికి రావడానికి చోటు మిగిలేలా కాస్త ముందుకు జరిగి, ఆ తరువాతే వేగం తగ్గించాలి. కొత్తవాళ్ళను, చిన్న ఇంజన్ల బళ్ళను మొదటివాడి వెనకే ఉంచితే గుంపు వేగం వాళ్ళ వేగమే అవుతుంది. చివర నడిచేవాడు బాగా అనుభవం ఉన్నవాడై ఉండాలి. పంక్చర్ కిట్, గాలి పంపు, పానాలు, మందుల పెట్టె అతని దగ్గరే ఉండాలి. ప్రతి ఒక్కరూ తమ వెనకనున్న ఒక్క బండికి బాధ్యులుగా ఉంటే మిగతాది దానంతట అదే సర్దుకుంటుంది. వెనక హెడ్‌లైటు అద్దంలో కనిపించకపోతే నేను తగ్గుతాను, నేను తగ్గడం చూసి నా ముందువాడు తగ్గుతాడు, అలా ఆ కబురు ఫోను అవసరం లేకుండానే మొదటివాడికి చేరుతుంది. ఘాట్‌లో చాలాచోట్ల సిగ్నల్ దొరకదు కాబట్టి ఫోన్లను నమ్ముకోవడం ఎలాగూ కుదరదు. దారి చీలిన ప్రతిచోటా, ముఖ్యంగా ఎస్.కోట కూడళ్ళలోనూ బొర్రా గుహలకు తిరిగే చోటా, ఒకరు పక్కన ఆగి చివరివాడు వచ్చేదాకా కదలకుండా నిలబడాలి. ఏడు బళ్ళకు మించితే రెండు గుంపులుగా విడిపోయి, పది నిమిషాల తేడాతో బయలుదేరడం మేలు.

వరుస విషయంలో మరో మాట. మైదానంలో ఒకరు లేనుకు కుడివైపు, తరువాతివాడు ఎడమవైపు నడిస్తే ముందు చూపు బాగుంటుంది. పక్కవరుసలోని బండికి ఒక సెకను, సరిగ్గా ముందున్న బండికి రెండు సెకన్ల ఎడం ఉండాలి. ఘాట్ మొదలయ్యాక, వాన పడుతున్నప్పుడు, ఊళ్ళలో మాత్రం ఒకరి వెనక ఒకరే నడవాలి. కోతల కాలంలో ఈ వైపు రోడ్డు సగభాగం కళ్ళమైపోతుంది. ఆరబోసిన ధాన్యం చుట్టూ బళ్ళు తొక్కకుండా రాళ్ళు పేరుస్తారు, సాయంత్రం ధాన్యం ఎత్తేసినా ఒక్కోసారి ఆ రాళ్ళు అక్కడే ఉండిపోతాయి. తారు రంగులో కలిసిపోయే ఆ రాయి మొదటివాడికి కనిపించినా, అతడు చేత్తో చూపించకపోతే మూడోవాడికి చక్రం కిందికి వచ్చాకే తెలుస్తుంది.

దిగేటప్పుడు బ్రేకు పట్టడం లేదు

గాలికొండ వ్యూపాయింట్ నుంచి అనంతగిరి వైపు దిగుతున్నప్పుడు ఒకసారి మా గుంపులోని ఒక తమ్ముడు హారన్ ఆపకుండా మోగిస్తూ నన్ను దాటి ముందుకు వెళ్ళి, రోడ్డు వెడల్పుగా ఉన్నచోట ఎలాగో ఆపాడు. ముందు బ్రేకు లీవరు నొక్కితే గ్రిప్పును తాకుతోంది. డిస్కు అంచు నీలిరంగుకు తిరిగింది, ప్యాడ్ల దగ్గర మాడువాసన వస్తోంది. వెనక అతని భార్య, ట్యాంకు మీద బ్యాగు. బండి కింది గేరులో కాదు, ఐదో గేరులో ఉంది.

అరకు సముద్రమట్టానికి 900 మీటర్లకు పైన ఉంటుంది. ఇద్దరు మనుషులు, సామానుతో కలిపి మూడు వందల కిలోలకు పైబడిన బరువు అంత ఎత్తు నుంచి దిగుతున్నప్పుడు ఆ శక్తిని ఏదో ఒకటి మింగాలి. కింది గేరులో ఉంటే చాలాభాగం ఇంజనే మింగుతుంది. పై గేరులో ఉంటే దాదాపు మొత్తం భారం అరచేయంత డిస్కు ప్యాడ్ల మీద పడుతుంది.

బ్రేకు విఫలమైన తీరును బట్టి కారణం తెలుస్తుంది. లీవరు గట్టిగానే ఉండి బండి మాత్రం తగ్గకపోతే, ప్యాడ్లు వేడెక్కి పట్టు కోల్పోయాయని అర్థం. లీవరు మెత్తబడి గ్రిప్పు దాకా వస్తే, బ్రేక్ ఆయిల్ మరిగి లోపల ఆవిరి బుడగలు కట్టాయని అర్థం. ఆయిల్ నొక్కుడుకు లొంగదు, ఆవిరి లొంగుతుంది, అందుకే నొక్కినదంతా బుడగలను కుదించడానికే సరిపోతుంది. ఉదయం ఇంటి దగ్గరే లీవరు మెత్తగా ఉండి ఉంటే పైపులో గాలి చేరి ఉండవచ్చు, లేదా ఎక్కడో ఆయిల్ కారుతూ ఉండవచ్చు. ఆ బండిని ఘాట్‌కు తీసుకురాకూడదు. వెనక డ్రమ్ము బ్రేకు ఉన్న బండిలో పెడల్ మరీ కిందికి పోతుంటే లైనర్లు అరిగాయేమో చూడాలి. లీవరు వేలికింద టకటకమని కొట్టుకుంటే మాత్రం అది లోపం కాదు, ఏబీఎస్ (చక్రం బిగుసుకుని జారకుండా చూసే ఏర్పాటు) పనిచేస్తున్న గుర్తు. కంగారుపడి లీవరు వదలకూడదు.

బ్రేక్ ఆయిల్‌కు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు. తేమ చేరాక ఆ ప్రమాణం 155 డిగ్రీలకు పడిపోతుంది. విశాఖ లాంటి సముద్రతీరపు ఊళ్ళో ఉక్క, తేమ ఎప్పుడూ ఉంటాయి కాబట్టి రెండేళ్ళకొకసారి ఆయిల్ మార్చడం మానకూడదు. బండికి ఉన్న బ్రేక్ ఆయిల్ సీసాలో కనిపించే ఆయిల్ తేనెరంగు దాటి కాఫీరంగుకు వచ్చిందంటే ఆలస్యమైనట్టే. ఏ రకం పోయాలో ఆయిల్ సీసా మూత మీదే రాసి ఉంటుంది.

దారిలో ఈ పరిస్థితి వస్తే లీవరును వెంటవెంటనే పంపు కొట్టినట్టు నొక్కాలి, వెనక బ్రేకు వాడుతూ ఒక్కొక్క గేరే దింపుకుంటూ రావాలి, క్లచ్ పట్టుకుని బండిని జారనివ్వకూడదు. ఎడమవైపు వెడల్పైన చోట ఆగాక అరగంటైనా చల్లారనివ్వాలి. కాలిన డిస్కు మీద నీళ్ళు పోస్తే అది వంకరపోయే ప్రమాదముంది. బొంగులో చికెన్ అమ్మే పాకల దగ్గర ఆ అరగంట సులువుగానే గడుస్తుంది. చల్లారాక లీవరు గట్టిపడినా ఆ ఆయిల్‌ను మళ్ళీ నమ్మకూడదు. మిగతా దారి రెండో గేరులో, అవసరమైతే మొదటి గేరులో దిగి, ఇంటికి చేరాక మార్పించాలి. ఎక్కేటప్పుడు ఏ గేరు కావలసివచ్చిందో దిగేటప్పుడూ అదే గేరు అన్న పెద్దల లెక్క ఇప్పటికీ సరిగ్గా సరిపోతుంది. బ్రేకును సన్నగా నొక్కిపట్టి ఉంచకుండా, మలుపుకు ముందు గట్టిగా పట్టి తరువాత పూర్తిగా వదిలేస్తే ప్యాడ్లకు గాలి తగులుతుంది.

మలుపులో బండి అవతలి వైపుకు పోతోంది

కుడి మలుపులో మట్టి అంచుకు, ఎడమ మలుపులో ఎదురు లేనులోకి బండి జారిపోతుంటే చాలామంది టైర్లను అనుమానిస్తారు. ఎక్కువసార్లు కారణం చూపులోనే ఉంటుంది. గుంపులో నడిచేవాడి కళ్ళు ముందు బండి వెనక లైటుకు అతుక్కుపోతాయి. ఆ లైటు వెలిగినప్పుడు తానూ బ్రేకు వేస్తాడు, అది మాయమైతే తానూ తిప్పుతాడు. అప్పటికి మలుపు సగం అయిపోయి ఉంటుంది. వేగం ముందే తగ్గించుకుని, తల తిప్పి మలుపు ముగిసే చోటును చూస్తూ, సన్నగా యాక్సిలరేటర్ ఇస్తూ బయటికి రావాలి. ఇందుకు వీలుగా ఘాట్‌లో బండికి బండికి ఎడం నాలుగు సెకన్లకు పెంచుకోవాలి. అనంతగిరి చుట్టుపక్కల కాఫీతోటల నీడ పడే మలుపుల్లో పొద్దెక్కినా తడి ఆరదు, రాలిన ఆకు దాన్ని కప్పేస్తుంది. అక్కడ టైర్లది కూడా కొంత పాత్ర ఉంటుందని ఒప్పుకోవాలి. ఇరుకుచోట ఎదురుపడితే దిగేవాళ్ళే ఎక్కేవాళ్ళకు దారి ఇవ్వాలని మన రోడ్డు నిబంధనల్లోనే ఉంది.

సామాను కట్టాక హ్యాండిల్ ఊగుతోంది

ఖాళీ బండి తిన్నగా నడిచి, సామాను కట్టిన తరువాత 70 దగ్గర హ్యాండిల్ ఊగడం మొదలైతే బరువు వెనక ఇరుసును దాటి ఎంత దూరం వేలాడుతోందో చూడాలి. అలా వేలాడే బరువు ముందు చక్రాన్ని తేలిక చేస్తుంది. నీళ్ళ సీసాలు, పానాల సంచి లాంటి బరువైనవి ట్యాంకు మీదికి, లేదా సీటుకు దగ్గరగా కిందికి మార్చాలి, టెంటు, దుప్పట్లు వెనకకు పోవాలి. ఇద్దరికి ఎంత గాలి ఉండాలో చైన్‌గార్డు మీదో స్వింగ్‌ఆర్మ్ మీదో అతికించిన కాగితంలో ఉంటుంది. దాన్ని ఉదయం టైరు చల్లగా ఉన్నప్పుడే చూసుకోవాలి. ఇవి రెండూ సరిచేసినా ఊగుతుంటే మెకానిక్కుకు కోన్‌సెట్ (హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగులు) చూడమని చెప్పాలి. నడుస్తుండగా ఊపు మొదలైతే బ్రేకు జోలికి పోకుండా యాక్సిలరేటర్‌ను నెమ్మదిగా వదలడమే సరైన పని.

ఎక్కుతుంటే మాడువాసన వస్తోంది, బండి లాగడం లేదు

లారీ వెనక సగం క్లచ్ మీద పాకడం వల్ల క్లచ్ ప్లేట్లు వేడెక్కాయి. ఆగి చల్లారనిచ్చి, లీవరు మొదట్లో రెండు మూడు మిల్లీమీటర్లు వదులుగా కదులుతోందో లేదో చూడాలి. ఆ వదులు లేకపోతే కేబుల్ బిగుసుకుని ఉన్నట్టు, అడ్జస్టర్ తిప్పి సరిచేయవచ్చు. లారీకి దూరంగా ఆగి, దారి తెరుచుకున్నాకే కదలడం దీనికి అసలైన మందు.

పడిన బండి స్టార్ట్ కావడం లేదు

మొదట మనిషి సంగతి. మెడ నొప్పి అంటుంటే, ఊపిరి బాగానే ఆడుతుంటే హెల్మెట్ తీయడానికి ప్రయత్నించకుండా 108కి ఫోను చేయించాలి. సిగ్నల్ లేకపోతే ఒకరు దిగువకు వెళ్ళి చేయాలి. వెనక వచ్చే బళ్ళను ఆపడానికి మలుపుకు అవతల ఒకరు నిలబడాలి.

ఎవరికీ దెబ్బలు లేవని తేలాక బండి దగ్గరికి రావచ్చు. ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న చాలా బళ్ళలో పడిపోతే ఇంజన్‌ను ఆపేసే సెన్సర్ ఉంటుంది. బండిని నిలబెట్టి, తాళం ఆపి, కొన్ని సెకన్ల తరువాత మళ్ళీ తిప్పితేనే అది విడుదలవుతుంది. పడినప్పుడు ఇంజన్‌ను ఆపే కిల్ స్విచ్ నొక్కుకుపోయిందేమో, సైడ్ స్టాండ్ పూర్తిగా పైకి వెళ్ళిందో లేదో, గేరు న్యూట్రల్‌లో ఉందో లేదో చూడాలి. స్టార్ట్ అయ్యాక కూడా బయలుదేరే ముందు యాక్సిలరేటర్ తిప్పి వదిలితే తిరిగి తనంతట తాను వస్తోందా, బ్రేకు లీవరు వంగి గ్రిప్పుకు తగులుతోందా, హ్యాండిల్ ఇటు చివర నుంచి అటు చివరకు ఎక్కడా పట్టేయకుండా తిరుగుతోందా అని చూసి, పడినవాడి చేతులు వణకడం ఆగేదాకా కూర్చోబెట్టి, తరువాత అతణ్ణి మొదటి బండి వెనక నడవమనాలి.