కౌలింగ్ మీద సూది బెజ్జాలు: ప్రైమర్ కొట్టినా మళ్లీ తేలుతుంటే

ఇంట్లో కట్టుకునే వాన్స్ ఆర్‌వీ లాంటి చిన్న విమానాల కౌలింగ్‌తో, అంటే ఇంజన్‌ను కప్పే ఫైబర్‌గ్లాస్ తొడుగుతో, వచ్చే గొడవ ఇది. ప్రైమర్ కొట్టినప్పుడు అద్దంలా ఉంటుంది. ఎమరీ తగలగానే సూదితో పొడిచినట్టు బెజ్జాలు తేలతాయి. మరో కోటు కొడితే మళ్లీ అవే చోట్ల తేలతాయి.

ముందు ఇది చూడండి

బెజ్జాల్లో రుద్దిన ధూళి ఉందా? ఉంటే దాని మీద ఏది పూసినా మూతలా నిలుస్తుందే తప్ప లోపలికి దిగదు. రుద్దిన ప్రతిసారీ కంప్రెసర్ గాలితో ఊదండి, అదీ ఒకే దిక్కు నుంచి కాదు, నాలుగు వైపుల నుంచీ. తర్వాత నల్ల గైడ్ కోటు పొడి (గుంటలు కనబడేలా చేసే పొడి) రాసి తుడవండి. పొడి నిలిచిన ప్రతి చుక్కా ఒక బెజ్జం. రెండు నిమిషాల పని. దయచేసి దాటేయకండి.

ఇక ప్రైమర్ బెజ్జాన్ని పూడ్చదు, పైన పొరలా కప్పుతుంది, అంతే. మైక్రోబెలూన్లు (లోపల బోలుగా ఉండే సన్న బుడగల పొడి) కలిపిన లప్పం కూడా చిక్కగా ఉండి సన్న బెజ్జంలోకి దిగదు. పైగా రుద్దినప్పుడు ఆ బుడగలు పగిలి కొత్త గుంటలు పడతాయి.

అసలు దొంగ: వేడెక్కుతున్న గాలి

ధూళి లేదు, ఏదీ కలపని ఎపాక్సీయే (రెండు భాగాలు కలిపితే గట్టిపడే రెసిన్) పూశారు, అయినా తెల్లారేసరికి బెజ్జాలు నోళ్లు తెరుచుకున్నాయి. అలాగైతే పూసిన వేళ గుర్తు తెచ్చుకోండి. కౌలింగ్ రెండు పలుచని గ్లాస్ పొరల మధ్య తేనెపట్టు గళ్లున్న కోర్. ప్రతి గడిలోనూ గాలి ఉంటుంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు పూస్తే షెడ్డుతో పాటు ఆ గాలీ వేడెక్కుతుంది. 20 నుంచి 30 డిగ్రీలకు పెరిగితే దాదాపు 3 శాతం వ్యాకోచిస్తుంది. గట్టిపడని ఎపాక్సీని బుడగలా తోసుకుని బయటికొస్తుంది. పూశాక ఎండలో పెట్టడం, హీట్ గన్ చూపించడం చేసేదీ ఇదే.

అందుకే ఈ వరసను తిరగేయాలి: వేడెక్కేటప్పుడు కాదు, చల్లబడేటప్పుడు పూయాలి. 120 నంబరు ఎమరీతో మెరుపు పోయేదాకా రుద్ది, ఊది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. భాగాన్ని సమంగా 40 డిగ్రీల దాకా వెచ్చబెట్టి వేడి ఆపేయండి. వెంటనే ఎపాక్సీ వేసి, ప్లాస్టిక్ కార్డును దాదాపు నిలువుగా పట్టి, నొక్కుతూ అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి లాగండి. మిగిలింది గీకేయండి, మందం అక్కర్లేదు, బరువు దండగ. చల్లబడే కొద్దీ లోపలి గాలి ముడుచుకుని ఎపాక్సీని తానే లోపలికి పీల్చుకుంటుంది. వేడిచేసే వీలు లేకపోతే సాయంత్రం, ఉష్ణోగ్రత దిగుతున్న వేళ పూయండి.

తొలి కోటు వేలికి జిగటగా తగులుతూ అంటకుండా ఉన్నప్పుడే రెండోది లాగండి, అలాగే మూడోది. పూర్తిగా గట్టిపడ్డాక 120, ఆపై 220. మళ్లీ నల్ల పొడి పరీక్ష. చుక్క లేకపోతేనే ప్రైమర్.

ఎపాక్సీ బాగా పారుతుందని అసిటోన్ కలపకండి. అది ఆవిరయ్యే దారిలో తానే బెజ్జాలు చేస్తుంది, పొర కూడా బలహీనపడుతుంది.

అరుదైనవి

గుండ్రంగా గిన్నెల్లా పడి ప్రైమర్ అంటుకోకపోతే అది సిలికోన్ లేదా నూనె మరక, బెజ్జం కాదు. తుడిచి మళ్లీ కొట్టండి. ప్రైమర్ మందంగా కొట్టి ద్రావకం చిక్కుకుపోయినా బుడగలొస్తాయి. పలుచగా కొట్టి, కోటుకీ కోటుకీ మధ్య డబ్బా మీద రాసినంత సేపు ఆగండి.