ఇంట్లో పెద్దవాళ్లకు చదువు: ‘ఉల్లాస్’లో నమోదు ఇలా

ఊళ్లో పెద్దవాళ్లకు చదువు చెప్పమంటే ముందు అడిగేది “జీతం ఎంత?” అనే. అడగడంలో తప్పేం లేదు. 2018 మార్చితో ముగిసిన పాత వయోజన విద్యా పథకం సాక్షర భారత్‌లో గ్రామ కోఆర్డినేటర్లకు నెలకు 2,000 రూపాయల గౌరవ వేతనం ఉండేది. ఇప్పుడు నడుస్తున్న కేంద్ర పథకం ఉల్లాస్‌లో ఆ ఏర్పాటు లేదు, నేర్పేవాళ్లంతా వాలంటీర్లే. ఈ సంగతి మొదటి మీటింగ్‌లోనే చెప్పేయడం మంచిది. లేకపోతే రెండో నెలలో సగం మంది కనిపించరు.

ఉల్లాస్ అసలు పేరు నవ భారత సాక్షరత కార్యక్రమం. 2022 నుంచి 2027 వరకు ఐదేళ్లకు 1,037.90 కోట్ల రూపాయలతో మంజూరైంది. అందులో 700 కోట్లు కేంద్రానివి, మిగతాది రాష్ట్రాల వాటా. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు ఇది 60:40 లెక్క. డబ్బు రాష్ట్రం ద్వారా శిక్షణకు, పుస్తకాలకు, పరీక్షకు వెళ్తుంది. మనం దరఖాస్తు పెట్టుకుని మన ఖాతాలో వేయించుకునేది కాదు.

15 ఏళ్లు దాటి, చదవడం రాయడం రానివాళ్లు ఎవరైనా చేరవచ్చు. 35 ఏళ్ల లోపువాళ్లకు, అందులోనూ ఆడవాళ్లకు ముందు ప్రాధాన్యం. అలాగని అరవై దాటిన అత్తగారిని వద్దనరు.

నమోదుకు మండలాఫీసు చుట్టూ తిరగనక్కర్లేదు. ఈ పథకం బడి కేంద్రంగానే నడుస్తుంది. పిల్లలు చదివే ప్రభుత్వ బడికి వెళ్లి హెడ్మాస్టర్‌ను కలవండి. ఇంటింటి సర్వే చేసే టీచరో, మరొకరో పేర్లను ఉల్లాస్ యాప్‌లో ఎక్కిస్తారు. స్మార్ట్‌ఫోన్ ఉన్నవాళ్లు సొంతంగానూ నమోదు కావచ్చు. నేర్చుకునేవారా, నేర్పేవారా అన్నది ఎంచుకుని పేరు, వయసు, ఊరు, ఫోన్ నంబర్, గుర్తింపు కార్డు వివరాలు నింపాలి. ఓటీపీ వస్తుంది కాబట్టి పొద్దున్నే పనికి వెళ్లి రాత్రికి వచ్చే కొడుకు నంబర్ ఇస్తే ఇబ్బందే, ఇంట్లో అందుబాటులో ఉండే ఫోన్ ఇవ్వండి. పేరు మాత్రం ఆధార్‌లో ఉన్నట్టే, ఇంటిపేరుతో సహా రాయించండి. రేపు సర్టిఫికెట్ మీద పడేది అదే. లక్ష్మమ్మ కాస్తా లక్ష్మి అయిపోతే దిద్దించుకోవడం పెద్ద తలనొప్పి.

తర్వాత నేర్చుకునేవాళ్లను ఒక్కో వాలంటీర్‌కు కేటాయిస్తారు. దీన్నే ట్యాగింగ్ అంటారు. చాలా ఊళ్లలో పని ఆగిపోయేది ఇక్కడే: పేర్లు ఎక్కుతాయి, ఎవరు ఎవరికి చెప్పాలో తేలదు. అందుకే బడికి వెళ్లేటప్పుడే “ఈ నలుగురికి ఫలానా అమ్మాయి చెబుతుంది” అని కాగితం మీద రాసుకుని వెళ్లండి. డ్వాక్రా సభ్యులైతే వీవోఏను (ఊళ్లో మహిళా సంఘాల లెక్కలు చూసే సహాయకురాలిని) కూడా కలుపుకోండి. పెద్దవాళ్ల చదువు కోసం తెలంగాణలో పెట్టిన ‘అమ్మకు అక్షరమాల’, ఆంధ్రాలో పెట్టిన ‘అక్షర ఆంధ్ర’ మహిళా సంఘాల మీదుగానే నడుస్తున్నాయి.

క్లాసు వేళ నాట్లు, కోతలను బట్టి పెట్టుకోవాలి. నా మాటకొస్తే, పిల్లలు హోంవర్క్‌కు కూర్చునే వేళే తల్లికీ సరైన వేళ. పిల్ల ఎక్కాలు అప్పజెబుతుంటే పక్కనే అమ్మ పొదుపు పుస్తకం తీసి, ఈ నెల కట్టిన కిస్తీ ఎక్కడ రాశారో వేలు పెట్టి వెతుకుతుంది. ప్రైమర్ (అక్షరాలు నేర్పే వాచకం) కన్నా ముందు ఆ పొదుపు పుస్తకమే తెరిపించండి.

చివర పరీక్ష ఉంటుంది. చదవడం, రాయడం, లెక్కలు ఒక్కోటి 50 మార్కులు, మొత్తం 150. ఒక్కోదాంట్లో కనీసం 33 శాతం, అంటే 17 మార్కులు రావాలి. పేపర్ మన భాషలోనే ఉంటుంది. పెద్దవాళ్లకు పరీక్ష అనగానే టెన్షన్, అందుకని ఒకసారి అదే బడిలో బెంచీ మీద కూర్చోబెట్టి రాయించండి. పాసైతే ఎన్‌ఐఓఎస్ (జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ) సర్టిఫికెట్ ఇస్తుంది.

ఇక పలకలు, లైటు, అదనపు పుస్తకాలకు డబ్బు కావాలంటే వేరే దారులు చూసుకోవాలి. దగ్గర్లో ఫ్యాక్టరీ ఉంటే సీఎస్ఆర్ నిధి, అంటే కంపెనీలు సామాజిక పనులకు పెట్టే డబ్బు అడగవచ్చు. ఆ డబ్బు ఏయే పనులకు పెట్టవచ్చో చెప్పే కంపెనీల చట్టం ఏడో షెడ్యూల్‌లో చదువు కూడా ఉంది. కాకపోతే అడిగే సంస్థ రిజిస్టర్ అయి ఉండాలి, ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 12ఏ, 80జీ రిజిస్ట్రేషన్లు ఉండాలి, సీఎస్ఆర్ నిధులు తీసుకోవడానికి నమోదయ్యే సీఎస్ఆర్-1 ఫారం దాఖలు చేసి ఉండాలి. ఊళ్లోని యువజన సంఘానికి ఇవన్నీ ఉండటం అరుదు. అలాంటప్పుడు ఇవి ఉన్న సంస్థనే ముందు పెట్టి అడిగించడం సులువు. పుస్తకాల కోసం జిల్లా గ్రంథాలయ సంస్థకు అర్జీ పెట్టండి. మన ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కింద వెళ్లేది వాళ్లకే, అడగడానికి మొహమాటం అక్కర్లేదు. అర్జీ మీద పంచాయతీ తీర్మానం, నేర్చుకుంటున్నవాళ్ల జాబితా జతచేసి, కార్యాలయం ముద్ర వేసిన నకలు ఒకటి మీ దగ్గర ఉంచుకోండి.