చీకట్లో ఫోన్ కెమెరా: కదిలింది చెయ్యా, మనిషా?

రాత్రి తీసిన ఫోటో చెడిందంటే చాలావరకు కారణం రెండింటిలో ఒకటి. ఫోన్ కదిలి ఉండాలి, లేదా ఎదురుగా ఉన్నవాళ్లు కదిలి ఉండాలి. తెర మీద రెండూ ఒకేలా మసకగా కనిపిస్తాయి గానీ విరుగుడు వేరు, అదీ ఒకదానికొకటి పూర్తిగా వ్యతిరేకం. అందుకే సెట్టింగుల్లోకి వెళ్లే ముందు చెడిన ఫోటోనే పెద్దది చేసి చూడండి. గోడ, తలుపు, బల్ల లాంటి కదలని వస్తువులు కూడా అలికినట్టు ఉంటే కదిలింది మీ చెయ్యి. గోడ శుభ్రంగా ఉండి మనిషి ముఖమో చెయ్యో మాత్రమే చెదిరితే కదిలింది ఆ మనిషి. ఇవి రెండూ కాక, ఫోటో మొత్తం పొగ పట్టినట్టు ఉండి ప్రతి దీపం నుంచీ ఒకే దిక్కుగా చార సాగితే అది లెన్స్ మీద పడిన వేలిముద్ర. కళ్లద్దాలు తుడిచే గుడ్డతో ఒకసారి తుడిస్తే పోతుంది. ఇది చాలా చిన్న పని, కానీ ఎక్కువమంది చెయ్యని పని కూడా ఇదే.

ఇంతకీ చీకట్లోనే ఈ తంటా ఎందుకు? ఎక్కువ ఫోన్లలో మెయిన్ కెమెరా అపర్చర్, అంటే లెన్స్‌లో వెలుతురు లోపలికి వచ్చే రంధ్రం, మారదు. ఎఫ్/1.8కి కాస్త అటూ ఇటూగా తయారీలోనే బిగించేస్తారు. కాబట్టి వెలుతురు తగ్గినప్పుడు ఫోన్ చేతిలో ఉండేవి రెండే: షట్టర్ ఎంతసేపు తెరిచి ఉంచాలి, ఐఎస్ఓ ఎంత పెంచాలి. షట్టర్ సమయం రెట్టింపు చేస్తే సెన్సర్ (వెలుతురును బొమ్మగా మార్చే చిప్) మీద పడే వెలుతురు నిజంగానే రెట్టింపవుతుంది. ఐఎస్ఓ అలా కాదు. అది వెలుతురును తేదు, అందిన సిగ్నల్‌ను పెంచి చూపిస్తుందంతే, దాంతోపాటు నాయిస్ (ఫోటోలో గింజల్లా కనిపించే మచ్చలు) కూడా పైకి తేలుతుంది. 1/50 సెకను, ఐఎస్ఓ 800తో వచ్చే వెలుగే 1/25, ఐఎస్ఓ 400తోనూ వస్తుంది, 1/100, ఐఎస్ఓ 1600తోనూ వస్తుంది. ఈ మూడింటిలో ఏది తీసుకోవాలో చెప్పేది ఎదురుగా ఉన్న కదలికే. ఆటో మోడ్‌కు ఆ కదలిక ప్రతిసారీ సరిగ్గా అర్థం కాదు.

కదిలేది చెయ్యి అయితే

భవనం, వీధి, గదిలోని వస్తువులు, కదలకుండా కూర్చున్న మనిషి. వీటికి నైట్ మోడ్‌ను మించింది లేదు. గూగుల్ 2018లో పిక్సెల్ ఫోన్లకు నైట్ సైట్ తెచ్చింది, 2019లో ఐఫోన్ 11తో ఆపిల్ నైట్ మోడ్ ఇచ్చింది. సూత్రం అందరిదీ ఒకటే: ఎక్కువసేపు తీసే ఒక్క ఫోటోకు బదులు తక్కువసేపటి ఫోటోలు (ఫ్రేములు) వరసగా తీసి, ఒకదాని మీద ఒకటి సరిగ్గా అమర్చి సగటు తీస్తారు. నాయిస్ ప్రతి ఫ్రేములోనూ వేరే చోట పడుతుంది కాబట్టి సగటులో కొట్టుకుపోతుంది. 16 ఫ్రేములు కలిపితే నాయిస్ నాలుగో వంతుకు తగ్గుతుంది. ఫోన్‌ను ట్రైపాడ్ మీదో గట్టి ఆనుడు మీదో పెట్టారనుకోండి, లోపలి జైరోస్కోప్ ఆ నిలకడను పసిగట్టి ఇంకా ఎక్కువ సమయం ఇస్తుంది. చేతిలో ఉన్నప్పుడు 1 నుంచి 3 సెకన్లు చూపించిన ఐఫోన్, ట్రైపాడ్ మీద పూర్తి చీకట్లో 30 సెకన్ల దాకా వెళ్తుంది. అందుకే నైట్ మోడ్ నచ్చలేదనే ముందు ఫోన్‌ను ఒకసారి గోడకో సీసాకో ఆనించి తీసి చూడండి.

ఆనించాక కూడా షట్టర్ బటన్‌ను వేలితో నొక్కితే ఆ తాకిడికే ఫోన్ ఊగుతుంది. 3 సెకన్ల టైమర్ పెట్టండి. చాలా ఫోన్లలో వైర్ ఇయర్‌ఫోన్స్ మీదున్న వాల్యూమ్ బటన్ కూడా షట్టర్‌గా పనిచేస్తుంది. చేత్తోనే తీయక తప్పకపోతే మోచేతులు రెండూ పక్కటెముకలకు ఆనించి, వీలైతే భుజాన్ని గోడకు చేర్చి, ఊపిరి వదిలేశాక నొక్కండి. క్లిక్ శబ్దం రాగానే ఫోన్ దించెయ్యకండి. తెర మీద తిరుగుతున్న లెక్క పూర్తయ్యేదాకా ఫోటో అవుతూనే ఉంటుంది.

కదిలేది మనిషి అయితే

ఇక్కడ నైట్ మోడ్ అసలు వద్దు. ఆపెయ్యండి. ఆ ఫ్రేముల మధ్య మనిషి చోటు మారుతున్నకొద్దీ ముఖం మైనంలా నునుపుగా అయిపోతుంది, చేతులకు నీడల్లాంటి రెండో అంచు వస్తుంది. ప్రో మోడ్ (సెట్టింగులు మీరే మార్చుకునే మోడ్) తెరిచి ముందు షట్టర్ మీరే పెట్టండి, ఐఎస్ఓను ఫోన్‌కు వదిలేయండి. కూర్చుని కదలకుండా ఉన్నవారికి 1/30 సరిపోతుంది. మాట్లాడుతూ నవ్వుతూ ఉంటే 1/60, నడుస్తుంటే 1/125, పిల్లలు పరుగెడుతున్నా ఎవరైనా డాన్స్ చేస్తున్నా 1/250 లేదా అంతకంటే వేగం. దీనివల్ల ఐఎస్ఓ 1600, 3200 దాకా పోతుంది, ఫోటోలో గింజలు కనిపిస్తాయి. కనిపించనివ్వండి. నాయిస్‌ను తరువాత ఎడిటింగ్‌లో తగ్గించుకోవచ్చు, చెదిరిన కళ్లను ఏ యాప్ కూడా నమ్మదగ్గట్టు తిరిగి తేలేదు. ఐఫోన్ సొంత కెమెరా యాప్‌లో షట్టర్ మార్చుకునే వీలు లేదు. అందుకు మాన్యువల్ కంట్రోల్స్ ఉన్న వేరే కెమెరా యాప్ వేసుకోవాలి.

డాన్సులో మరో కిటుకు ఉంది. గెంతు పైకొసకు చేరినప్పుడు, చెయ్యి దిశ మార్చుకునే ముందు, ఒంట్లో కదలిక ఒక్క క్షణం దాదాపు ఆగుతుంది. బర్స్ట్‌లో, అంటే వరసగా చకచకా ఫోటోలు తీస్తే, ఆ క్షణం ఒక ఫ్రేములో దొరికే అవకాశం ఎక్కువ. 1/60తో కూడా పదునైన ఫోటో రావడం అప్పుడే సాధ్యం.

స్టేజీ లైట్ల కింద ముఖాలు తెల్లగా పేలిపోతుంటే, ముఖం మీద వేలు పెట్టి ఫోకస్, ఎక్స్‌పోజర్ లాక్ అయ్యేదాకా నొక్కి ఉంచి, స్లైడర్‌ను కిందికి లాగండి. -0.7 నుంచి -1 దాకా మంచిది. వెనక చీకటిగా ఉంటే ఫోన్ మొత్తం దృశ్యాన్ని వెలిగించాలని చూస్తుంది, ఆ లెక్కకు ముఖం బలవుతుంది.

అన్నిటికంటే పెద్ద మార్పు వచ్చేది మాత్రం వెలుతురు తెచ్చుకున్నప్పుడే. దీపానికీ ముఖానికీ మధ్య దూరం సగం చేస్తే వెలుగు నాలుగు రెట్లవుతుంది. అంటే మనిషిని దీపం వైపు రెండడుగులు జరపడం ఏ సెట్టింగ్ కన్నా ఎక్కువ పని చేయవచ్చు. స్నేహితుడి ఫోన్ టార్చ్‌ను ముఖం మీదికి తిన్నగా కొట్టించకండి. పక్కనున్న తెల్ల గోడ మీదికో తెల్ల కాగితం మీదికో తిప్పండి. తగ్గేది కొంత వెలుగే, కానీ నీడలు మెత్తబడి చర్మం చర్మంలా కనిపిస్తుంది. ఫోన్ ఫ్లాష్ రెండు మీటర్లు దాటితే దాదాపు దండగ.

జూమ్, మెగాపిక్సెల్

చీకట్లో 3ఎక్స్ నొక్కినంత మాత్రాన టెలిఫోటో లెన్స్ (దూరాన్ని దగ్గరగా చూపే లెన్స్) పనిచేస్తోందని అనుకోకండి. దాని సెన్సర్ చిన్నది, అపర్చర్ కూడా ఇరుకు. అందుకని వెలుతురు చాలనప్పుడు చాలా ఫోన్లు చెప్పకుండా మెయిన్ కెమెరా చిత్రాన్నే కత్తిరించి పెద్దది చేస్తాయి. తెలుసుకోవడం తేలిక: 3ఎక్స్‌లో ఉంచి టెలిఫోటో లెన్స్‌ను వేలితో మూయండి. తెర మీద బొమ్మ అలాగే ఉంటే మీకు వచ్చేది కత్తిరింపే. అలాంటప్పుడు 1ఎక్స్‌లో నాలుగడుగులు దగ్గరికి వెళ్లడమే మేలు.

50, 108, 200 మెగాపిక్సెల్ మోడ్లు పగటి ఎండకు. మామూలు మోడ్‌లో ఫోన్ 4, 9, లేదా 16 పిక్సెల్స్‌ను కలిపి ఒకటిగా చేసి సుమారు 12 మెగాపిక్సెల్స్ ఇస్తుంది. రాత్రి మీకు కావలసింది ఆ కలయికే.

వీడియోలో చారలు, మిణుకులు

రీల్ తీస్తుంటే తెర మీద నల్ల చారలు పాకడం ఫోన్ లోపం కాదు. కరెంటు 50 హెర్ట్జ్ ఉన్న చోట దీపాలు సెకనుకు 100 సార్లు మిణుకుతాయి, 60 హెర్ట్జ్ ఉన్న చోట 120 సార్లు. షట్టర్ తెరిచిన సమయంలో ఆ మిణుకులు పూర్తి సంఖ్యలో పడకపోతే ఫ్రేముకూ ఫ్రేముకూ వెలుగు తేడా వస్తుంది. 50 హెర్ట్జ్ చోట 1/50 లేదా 1/100, 60 హెర్ట్జ్ చోట 1/60 లేదా 1/120 పెట్టండి. సెకనుకు 30 ఫ్రేముల వీడియోకు 1/50 చక్కగా సరిపోతుంది. 60 ఫ్రేముల వీడియోలో ఒక్కో ఫ్రేముకు ఉండేదే 1/60 సెకను, కాబట్టి 1/50 పెట్టడం కుదరదు. అక్కడ 1/100కి వెళ్లాలి, అంటే వెలుతురు సగానికి పడుతుంది. చీకటి గదిలో 60 ఫ్రేములు వద్దనేది అందుకే. 240 ఫ్రేముల స్లో మోషన్‌లో ఏ ఫ్రేమూ 1/240 కంటే ఎక్కువసేపు తెరిచి ఉండదు. మిణుకు ఉన్న దీపాల కింద దాన్ని తప్పించలేరు, పగటి వెలుగుకు మారాల్సిందే. డిమ్మర్ పెట్టిన ఎల్‌ఈడీలు ఈ లెక్కలకు లొంగకపోవచ్చు. డిమ్మర్‌ను పూర్తిగా పెంచి చూడండి, లేదా తెర చూస్తూ షట్టర్‌ను కొద్దికొద్దిగా మార్చండి.

నడుస్తూ తీసిన రాత్రి వీడియోలో దీపాలు వణుకుతున్నట్టు కనిపిస్తాయి. స్టెబిలైజేషన్ (కుదుపును సర్దే ఏర్పాటు) ఫ్రేమును నిలబెట్టగలదు గానీ ఆ ఫ్రేము లోపల అప్పటికే పడిన అలుకుడును తీసెయ్యలేదు. అక్కడ నడక ఆపి, నిలబడి, ఫోన్‌ను మెల్లగా తిప్పండి. వైట్ బ్యాలెన్స్ (దీపాల రంగుకు తగ్గ సర్దుబాటు) కూడా లాక్ చేయండి, పసుపు దీపాలకు 3000 కెల్విన్ దగ్గర. లేకపోతే ఒకే క్లిప్పులో ముఖం రంగు మారుతూ పోతుంది. మెమరీ చూసుకోండి: ఐఫోన్ సెట్టింగ్స్ చూపే లెక్కల్లో నిమిషానికి 1080పి 30 ఫ్రేములకు సుమారు 60 ఎంబీ, 4కె 30కి 170 ఎంబీ, 4కె 60కి 400 ఎంబీ.

నక్షత్రాలు, వాహనాల వెలుగు గీతలు

రెండింటికీ ట్రైపాడ్ తప్పనిసరి. వెలుగు గీతలకు ఐఎస్ఓ 50 లేదా 100, షట్టర్ 4 నుంచి 8 సెకన్లు. మరీ తెల్లబడితే సమయం తగ్గించండి. నక్షత్రాలకు ఫోకస్‌ను మాన్యువల్‌లో అనంతం గుర్తుకు జరిపి, ఐఎస్ఓ 1600, షట్టర్ 10 నుంచి 15 సెకన్లు. అంతకు మించితే భూమి తిరగడం వల్ల చుక్కలు గీతలుగా సాగుతాయి. 2019లో పిక్సెల్ 4తో వచ్చిన ఆస్ట్రోఫోటోగ్రఫీ మోడ్ కూడా ఇందుకే ఒక్క పొడవాటి ఫ్రేము తీయదు. గరిష్ఠంగా 16 సెకన్ల చొప్పున 15 ఫ్రేములు తీసి, నాలుగు నిమిషాల వెలుగును కలుపుతుంది.

ఎవరికైనా పంపేటప్పుడు వాట్సాప్‌లో ఫోటోగా కాక డాక్యుమెంట్‌గా పంపండి. మామూలుగా పంపితే ఫైలును కుదించేస్తుంది, ఆ కుదింపులో ముందు పోయేవి చీకటి భాగాల్లోని సన్నని వివరాలే.