పనిచేసే కళాకారులతో సంభాషణ – మూడవ పాఠం: చేయి ఆగిన చోట అడగడం

మొదటి పాఠంలో కళాకారుడిని కలవడానికి అనుమతి ఎలా అడగాలో, ఏ వేళకు వెళ్తే ఆయన పనికి అడ్డు రాకుండా ఉంటామో చెప్పుకున్నాం. రెండవ పాఠంలో ఒక పూట మొత్తం ఒక్క ప్రశ్న కూడా వేయకుండా కూర్చుని, చేతులు చేసే పనిని మాత్రమే నోట్‌బుక్‌లో రాసుకోవడం సాధన చేశాం. ఆ నోట్సు ఇప్పుడు మీ ముందు ఉండాలి. అది లేకుండా ఈ పాఠం చదివితే విషయం అర్థమవుతుంది కానీ విద్య పట్టుబడదు. కనుక రెండవ పాఠం అభ్యాసం చేయనివారు ముందు దానిని పూర్తి చేసి రావాలని కోరుతున్నాను.

కళాకారుల దగ్గరకు మొదటిసారి వెళ్ళినవారు సాధారణంగా అడిగే ప్రశ్నలు రెండే: "మీకు ప్రేరణ ఎవరు?", "ఈ కళలోకి ఎలా వచ్చారు?" వీటికి దాదాపు ప్రతి కళాకారుడి దగ్గరా ఒక జవాబు సిద్ధంగా ఉంటుంది. తాతల నాటి విద్య అనీ, దేవుడి దయ అనీ, ఇప్పటి పిల్లలు నేర్చుకోవడం లేదనీ ఆయన చెబుతాడు. అది అబద్ధం కాదు. అయితే అది పత్రికలవారికీ, అధికారులకూ, టీవీ వారికీ చెప్పి చెప్పి నునుపు తేలిన మాట. దానిని విన్నంత మాత్రాన ఆయన పనిలోని ఆలోచన మనకు అందదు. తప్పు కళాకారుడిది కాదు. అంత పెద్ద ప్రశ్నకు ఎవరైనా అంత పెద్ద జవాబే ఇస్తారు. ఎదురుగా ఉన్న వస్తువు గురించి, ఇందాకే జరిగిన ఒక చిన్న పని గురించి అడిగినప్పుడు మాత్రం సిద్ధంగా ఉన్న జవాబు పనికిరాదు. ఆయన అప్పటికప్పుడు ఆలోచించి చెప్పవలసి వస్తుంది, మనకు కావలసింది ఆ ఆలోచనే.

అయితే ఎదురుగా ఉన్న పనిలో దేని గురించి అడగాలి? చేయి ఆగిన చోట అడగాలి. ఈ పాఠం మొత్తానికి పునాది ఇదే.

నెల్లూరు వారికి తిక్కన గురించిన ఒక చాటుకథ తెలిసే ఉంటుంది. తిక్కన భారతాన్ని ఆశువుగా చెబుతూ ఉంటే కుమ్మరి గురునాథుడు రాస్తూ వచ్చాడనీ, ఒకచోట పద్యం ముందుకు సాగక తిక్కన "ఏమి చెప్పుదుం గురునాథా" అన్నాడనీ, గురునాథుడు ఆ మాటను కూడా వదలకుండా రాసుకున్నాడనీ, సంజయుడు ధృతరాష్ట్రుణ్ణి "కురునాథా" అని పిలిచే పిలుపుగా (సంధిలో అది "గురునాథా" అవుతుంది) అది పద్యంలో చక్కగా అతికిపోయిందనీ ఆ కథ చెబుతుంది. ఇది చరిత్ర అని నేను అనడం లేదు. కానీ మన విద్యకు ఇంతకంటే మంచి ఆదర్శం దొరకదు. కవి ఆగిన క్షణాన్ని రాసేవాడు పని బయటి విషయంగా పక్కన పెట్టలేదు, పనిలో భాగంగానే చూశాడు. మీరు కూడా కళాకారుడి పక్కన కూర్చున్నప్పుడు సాఫీగా సాగుతున్న పనిని చూస్తూ మైమరచిపోకుండా, ఆ సాఫీతనం ఎక్కడ తెగిందో పట్టుకోవాలి. అక్కడ ఒక నిర్ణయం జరిగి ఉంటుంది.

ఇది వస్తువు మీద ఎలా కనిపిస్తుందో చూద్దాం. నెల్లూరు జిల్లా ఉదయగిరిలో కొయ్య చెంచాలు, గరిటెలు, ఫోర్కులు చేతితో చెక్కే కుటుంబాలు ఉన్నాయి. ఈ పనికి భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. నార్ది, కల్ది, బిక్కి, దేవదారి వంటి కొయ్యలు వాడతారు. కోసిన చెక్కముక్క చెంచాగా మారే క్రమంలో ఆకురాయి పని ఎక్కువసేపు సాగుతుంది. ఆ పనిని కొంతసేపు గమనిస్తే, ఆకురాయి ఒకే దిక్కుగా పోతూ పోతూ, చెంచా గుంట కాడతో కలిసే మెడ దగ్గరికి రాగానే చేయి వేగం తగ్గడం, ముక్కను తిప్పి పట్టుకోవడం, బొటనవేలితో ఆ చోటును ఒకసారి తడిమి చూడడం కనిపిస్తాయి. అక్కడ చెక్క సన్నబడుతుంది. చెక్క నడిచే వాటానికి ఎదురుగా లాగితే పెచ్చు లేచిపోతుంది, ఎక్కువగా అరగదీస్తే కాడ విరుగుతుంది, తక్కువగా వదిలేస్తే చెంచా మోటుగా ఉంటుంది. బొటనవేలు తడిమినప్పుడు ఆమె తనను తాను ఏమి అడుగుతున్నదో, అదే మీ ప్రశ్న. "అమ్మా, ఇప్పుడు వేలితో చూశారు కదా, ఏం తెలిసింది?" అని అడగండి. అంతకు మించి ఒక్క మాట చేర్చవద్దు.

ఇక్కడ "ఆమె" అని కావాలనే రాశాను. ఉదయగిరి పనిలో ఆడవారి చేతులు చాలా ఉన్నాయి. ఏ ఇంటికి వెళ్ళినా మాట్లాడడానికి ముందుకు వచ్చే వ్యక్తి ఒకరు, పనిలో ఎక్కువ భాగం చేసిన వ్యక్తి మరొకరు కావచ్చు. ఏ పని గురించి అడుగుతున్నారో ఆ పని చేసిన మనిషినే అడగాలి. ఇంటి పెద్ద ముందు మాట్లాడడం మర్యాదే కనుక ఆయన చెప్పేది పూర్తిగా విని, ఆ తరువాత "ఈ నునుపు పట్టింది మీరే కదమ్మా" అంటూ పక్కన కూర్చున్న ఆమెను సంభాషణలోకి తీసుకురండి.

ఇప్పుడు ఒక నమూనా సంభాషణ చదవండి. ఇది పాఠం కోసం నేను కల్పించి రాసినది. తోలుబొమ్మలు చేసే ఒక పెద్దాయన దగ్గర ఒక యువకుడు కూర్చున్నాడని అనుకోండి. మేకతోలును శుభ్రం చేసి, వెంట్రుకలు తీసి, బిగించి ఆరబెట్టి, వెలుగు పారేంత పలచగా చేసిన తరువాత, దాని మీద గీసిన బొమ్మకు నగలుగా కనిపించేలా సన్నని ఉలులతో రంధ్రాలు కొడుతున్న సమయం అది.

"తాతా, ఇందాక ఈ భుజకీర్తి దగ్గర ఉలి కింద పెట్టి, తోలు ఎత్తి వెలుతురుకు పట్టి చూశావు. ఏం చూశావు?"

"సందులు చూశా నాయనా."

"సందులంటే ఏంది తాతా?"

"బెజ్జానికీ బెజ్జానికీ నడమ మిగిలే తోలు. అది మరీ సన్నమైతే ఆటలో చినిగిపోతాది."

"ఎంత మిగలాలో నీకెట్లా తెలుస్తాది?"

పెద్దాయన కొంతసేపు మాట్లాడడు. యువకుడు కూడా మాట్లాడడు.

"కొలతేం లేదు. ఇది మెడ కాడ తోలు, మందం. కడుపు కాడిది పలచన. వేలు ఆనిస్తే తెలిసిపోతాది. మా నాయన కాలంలో ఆముదం దీపం. ఆ వెలుతురికి బెజ్జం పెద్దగా కొట్టేవోళ్ళు. ఇప్పుడు బల్బు. పెద్ద బెజ్జం పెడితే వెలుతురంతా దాంట్లోంచే కొట్టేస్తాది, నగ కనపడదు."

"అయితే మీ నాయన చేసిన బొమ్మను ఇప్పుడు ఆడించాలంటే?"

"ఆడిస్తా. తెరకు కొంచెం దూరంగా పెట్టి ఆడిస్తా."

ఇందులో యువకుడు అడిగిన ప్రశ్నలన్నీ చిన్నవే. మొదటిది తాను కంటితో చూసిన ఒక కదలిక గురించి అడిగాడు. రెండవది కళాకారుడే వాడిన మాటను పట్టుకుని అడిగాడు. తోలుబొమ్మల గురించి తనకు ముందే తెలిసినదంతా చెప్పి మెప్పించే ప్రయత్నం ఎక్కడా చేయలేదు. మూడవ ప్రశ్న తరువాత వచ్చిన మౌనాన్ని మాత్రం మీరు ప్రత్యేకంగా గమనించాలి. "కొలతేం లేదు" అనే జవాబుకు ముందు పెద్దాయన తన చేతికి మాత్రమే తెలిసిన విషయాన్ని మాటల్లోకి తెచ్చుకుంటున్నాడు. ఆ సమయంలో యువకుడు తొందరపడి "అనుభవం మీద తెలుస్తుంది అంటారా?" అని ఊతం ఇచ్చి ఉంటే, పెద్దాయన "అంతే నాయనా" అని తలూపి ఊరుకునేవాడు. మెడ తోలు, కడుపు తోలు, ఆముదం దీపం, ఏదీ బయటకు వచ్చేది కాదు. జవాబును మన నోటితో అందించడం ఈ విద్యలో అన్నిటికంటే పెద్ద దోషమని నా అభిప్రాయం. అది వినయంలా, సహాయంలా కనిపిస్తుంది కనుక దానిని గుర్తించడం కూడా కష్టం.

చివరి ప్రశ్న మరొక రకమైనది. తండ్రి కాలానికీ తన కాలానికీ మధ్య వెలుతురు మారిందని తెలియగానే, యువకుడు "మార్పు గురించి మీ అభిప్రాయం ఏమిటి" అని అడగలేదు. పాత బొమ్మను కొత్త వెలుతురులో ఏం చేస్తారని అడిగాడు. అభిప్రాయం అడిగితే ఉపన్యాసం వస్తుంది, పని అడిగితే ఉపాయం వస్తుంది.

ఈ పద్ధతి గ్రామీణ చేతిపనులకు మాత్రమే చెల్లుతుందని అనుకోనక్కరలేదు. 1962లో ఫ్రెంచి దర్శకుడు ఫ్రాన్స్వా త్రూఫో హాలీవుడ్‌లో ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్‌ను దాదాపు వారం రోజుల పాటు ప్రశ్నలు అడిగాడు. ఇద్దరి భాషలు వేరు కనుక హెలెన్ స్కాట్ అనే ఆమె మధ్యలో అనువాదం చేసింది. త్రూఫో హిచ్‌కాక్‌ను సినిమా అంటే ఏమిటని అడుగుతూ కూర్చోలేదు. తొలినాళ్ళ నుంచి ఒక్కొక్క సినిమానే వరుసగా తీసుకుని, అందులో ఫలానా దృశ్యం ఎలా తీశారు, ఎక్కడ ఇబ్బంది వచ్చింది అని అడిగాడు. అంత ప్రసిద్ధుడైన దర్శకుడు, అప్పటికే ఎన్నో ఇంటర్వ్యూలు ఇచ్చి ఉన్న మనిషి, అంత వివరంగా మాట్లాడడానికి ముఖ్య కారణం అడిగినవాడు ఆ సినిమాలన్నీ శ్రద్ధగా చూసి రావడమే. మీ రెండవ పాఠం నోట్సు చేసే పని కూడా అదే.

ముందు వస్తువు లేని కళల విషయంలో కొంత ఆలోచించవలసి ఉంటుంది. హరికథ చెప్పే భాగవతారు, పద్యనాటకంలో వేషం కట్టే నటుడు, హార్మోనియం వాయించేవారు చేతిలో పట్టి చూపించే వస్తువు ఏదీ తయారు చేయరు. వారి పని గాలిలో కలిసిపోతుంది. ఇటువంటప్పుడు ప్రదర్శన కంటే రిహార్సల్ మేలు. నెల్లూరు పురమందిరం వేదిక మీద పూర్తి అలంకరణతో నటుడు పద్యం ఎత్తుకున్నప్పుడు ఆగిన చోట్లు మనకు కనిపించకూడదనే ఆయన ఆడతాడు. రిహార్సల్‌లో మాత్రం అవన్నీ బయట పడతాయి. పద్యం రెండవ పాదం మధ్యలో ఆపి మళ్ళీ మొదటికి వెళ్ళినప్పుడు, ఎత్తుగడకు ముందు హార్మోనియం వైపు తిరిగి కనుసైగ చేసినప్పుడు, ఒకే మాటను రెండు విధాలుగా విరిచి చూసుకున్నప్పుడు గడియారం చూసి ఆ సమయాన్ని రాసుకోండి. రిహార్సల్ ముగిసిన తరువాత "కాటిసీను రెండో పద్యంలో ఆపి మళ్ళీ ఎత్తుకున్నారు, ఏమి నచ్చలేదు?" అని అడగవచ్చు.

నటులనూ గాయకులనూ తప్పక అడగదగిన ప్రశ్న మరొకటి ఉంది: ఇప్పుడు ఏ శ్రుతిలో పాడుతున్నారు, పదేళ్ళ క్రితం ఏ శ్రుతిలో పాడేవారు? వయసుతో గొంతు దిగుతుంది. శ్రుతి తగ్గించుకున్న గాయకుడు తారస్థాయిలో చూపించే మెరుపును వదులుకుని, దానికి బదులు మరేదో వెతుక్కుని ఉంటాడు: మాటను స్పష్టంగా విరవడం కావచ్చు, ఆలాపనను కుదించడం కావచ్చు. ఒక కళాకారుడి జీవితంలోని పాతికేళ్ళ ఆలోచన ఈ ఒక్క ప్రశ్నతో బయటికి రావచ్చు. కానీ ఇది నొప్పించే ప్రశ్న కూడా. పదిమంది ఎదుట, శిష్యుల ఎదుట ఎప్పుడూ అడగవద్దు.

జవాబు రాని సందర్భాలూ ఉంటాయి. రంగు ఎలా కలుపుతారో చెప్పడానికి ఇష్టపడకపోతే రెండవసారి అడగవద్దు. అది ఆ కుటుంబానికి కూడు పెట్టే రహస్యం. కూలి లెక్కలు, అప్పులు వారంతట వారు చెబితే వినండి, కానీ వారి అనుమతి లేకుండా రాయవద్దు. ఇక సమయం విషయం. ముక్కకు ఇంత అని కూలి తీసుకునే మనిషి మీతో గంట మాట్లాడితే ఆ గంట పని పోయినట్టే. అందుకే పని ఆపించి మాట్లాడించడం కంటే, చేతులు పని చేస్తూ ఉండగా మధ్యమధ్య ఒక్కొక్క ప్రశ్న వేయడం వారికీ మేలు, మన ప్రశ్నకూ మేలు.

ఈ పాఠానికి అభ్యాసం ఇది. రెండవ పాఠం నోట్సులో చేయి ఆగిన చోట్లు, పనిముట్టు మారిన చోట్లు, చేసినదానిని పక్కన పెట్టి మరొకటి అందుకున్న చోట్లు గుర్తించి, వాటిలో మూడింటిని మాత్రమే ఎంచుకోండి. ఒక్కొక్క దానికి ఒక్కొక్క ప్రశ్న రాయండి. ప్రశ్నలో "ఎందుకు" అనే మాట ఉంటే దానిని తీసి "ఏం చూశారు", "ఏం తెలిసింది", "అట్లా చేయకపోతే ఏమయ్యేది" అనే రూపాల్లోకి మార్చి చూడండి. ఎందుకని నేరుగా అడిగితే చాలామందికి సంజాయిషీ అడిగినట్టు వినిపిస్తుంది. తరువాత అదే కళాకారుడి దగ్గరకు మళ్ళీ వెళ్ళి, ఆయన అనుమతితో ఫోనులో రికార్డు చేస్తూ ఆ మూడు ప్రశ్నలు అడగండి. ప్రతి జవాబు ముగిసిందని మీకు అనిపించిన తరువాత మనసులో పది లెక్కపెట్టి, ఆ తరువాతే నోరు తెరవండి. ఇంటికి వచ్చి రికార్డు విన్నప్పుడు, ఆ పది అంకెల వ్యవధిలో ఆయన మళ్ళీ మొదలుపెట్టి చెప్పిన మాటలు ఏవో వేరుగా రాసుకోండి.

నాలుగవ పాఠంలో ఈ రికార్డును కాగితం మీదికి ఎక్కించడం చూస్తాం. "ఉండాది", "తెలిసిపోతాది" వంటి మాటతీరును ఎంతవరకు ఉంచాలి, పనిముట్ల పేర్లను ఎలా సరిచూసుకోవాలి, చెప్పిన వరుసను మార్చవచ్చా అన్నవి అక్కడి విషయాలు. దానికి మీ సొంత రికార్డింగే కావాలి కనుక, బాగా రాలేదనిపించినా చెరపకుండా ఉంచండి.